సవాల్ అంటే ప్రశ్న

ఉర్దూలో సవాల్ అంటే ప్రశ్న. అదే మాట తెలుగులోకి వచ్చి సవాలు అయింది. తొడగొట్టడం అయింది, కయ్యానికి కాలు దువ్వడం అయింది. ఇరవై ఏళ్ళుగా రెండు భాషల్లోనూ వార్తలు రాసుకుని బతుకుతున్నవాణ్ణి. ఈ ఒక్క మాట దగ్గర నాకు రోజూ ఎదురుదెబ్బే. నేను సవాల్ అడుగుతాను. అవతలివాళ్ళకు సవాలు వినిపిస్తుంది.

ఇంకొన్ని మాటలు చూడండి. జమ, ఖర్చు, వసూలు, బకాయి, రశీదు, మంజూరు, ఖజానా, తనిఖీ, జవాబు. అరబ్బీ, ఫారసీల నుంచి సర్కారు దస్తరాల మీదుగా తెలుగువాడి నోట్లోకి వచ్చి ఇంటిమాటలైపోయాయి. ఈ మాటలు తీసేస్తే ఏ ఆఫీసులోనూ ఫైలు అడుగు కదలదు. లెక్క రాసుకోవడానికి మా మాటలు కావాలి. లెక్క అడగడానికి మాత్రం మేం పనికిరాం.

బాబ్రీ కూలిన నాటి నుంచి మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. గడ్డం ఎందుకని అడిగారు. బురఖా ఎందుకని అడిగారు. క్రికెట్ మ్యాచ్‌లో ఎవరికి చప్పట్లు కొడతారని అడిగారు. మేం జవాబులు చెప్పాం. కోపంగా చెప్పాం, ఏడుస్తూ చెప్పాం, కవితలుగా చెప్పాం, కథలుగా చెప్పాం. ముప్ఫై ఏళ్ళు జవాబులు చెప్పుకోవడంతోనే సరిపోయింది. ప్రశ్న వేసే వంతు మాకెప్పుడొస్తుంది? అస్తిత్వం అంటే అడిగిన ప్రతివాడికీ నేనెవరో చెప్పుకోవడమేనా? నా పన్ను డబ్బు ఏమైందని అడగడం అస్తిత్వం కిందికి రాదా?

నేనుండేది హబ్సిగూడలో. తార్నాక దాటి ఉప్పల్ వైపు వచ్చేవాళ్ళకు దేశం గర్వపడే పరిశోధనశాలలు కనిపిస్తాయి. ఐ.ఐ.సి.టి., సి.సి.ఎం.బి., ఎన్.జి.ఆర్.ఐ. అటు లోపలికి పోతే నాచారం పారిశ్రామికవాడ. మా అబ్బా అక్కడి ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఆఫ్రికాలోని అబిసీనియా వైపు నుంచి వచ్చి నిజాం కొలువులో కాపలా కాసిన హబ్షీ సైనికుల పేరు మీదే ఈ ఊరికి ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది, స్టేషన్ బోర్డు మీద హబ్షీ పేరు ఎక్కింది. హబ్షీ మాత్రం ఎక్కడా లేడు. పేరు మిగిలి మనిషి లెక్కలోంచి జారిపోవడం ఈ నగరంలో మాకు కొత్త కాదు.

హైదరాబాద్ ముస్లిం అనగానే మీకు పాతబస్తీ కళ్ళముందుకొస్తుంది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్, నాచారం, మల్లాపూర్ సందుల్లో చెదురుమదురుగా బతికే మేం మీ ఊహలోకి రాం. మా సందులో ఏడెనిమిది ఇళ్ళు మావి. మమ్మల్ని కలుపుకుంటే గెలిచేదీ లేదు, వదులుకుంటే ఓడేదీ లేదు. పాతబస్తీ నాయకులకు మేం ఊరవతలి వాళ్ళం. ఇక్కడి నాయకులకు పాతబస్తీ వాళ్ళం.

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ తూర్పు వైపు వాళ్ళెవరూ మరచిపోరు. ఘట్‌కేసర్ దగ్గర ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు పడింది. రామంతాపూర్, హబ్సిగూడ కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. మా ఇంట్లో మోకాలు దాటాయి. బియ్యం పోయాయి, పరుపులు పోయాయి, ఫ్రిజ్ పోయింది. నీళ్ళు తీశాక మా అమ్మీ మొట్టమొదట వెతికింది కిరాణా ఖాతా పుస్తకం. పాలవాడికెంత, కిరాణా షాపుకెంత, పక్కింటి ఆమె దగ్గర తీసుకున్న చేబదులెంత, అంతా ఉర్దూలో రాసి పెట్టుకున్న పుస్తకం. ఒక్కో కాగితం విడదీసి మేడ మీద రాళ్ళు పెట్టి ఆరబెట్టింది. ‘షాపంతా మునిగింది, వాడి దగ్గర మాత్రం లెక్కుందా అమ్మీ?’ అన్నాను. ‘వాడి దగ్గర లేకపోతే ఏం, నా దగ్గర ఉండాలి గదా’ అంది. చదువు అయిదో తరగతి. ఆమెకున్న ఈ పాటి బుద్ధి మనల్ని ఏలేవాళ్ళకుంటే ఈ వ్యాసం రాసే పని తప్పేది.

వారం తర్వాత మా సందు నాలా సంగతి అడుగుదామని ఒక ఆఫీసుకు పోయాం. నేనూ, పక్కింటి సారూ. ఆయన రిటైరైన ఉద్యోగి, బ్రాహ్మలు, పదేళ్ళుగా మాకు ఇరుగుపొరుగు. ఇద్దరి ఇళ్ళలోకీ వచ్చింది ఒకే నాలా నీళ్ళు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే అర్జీ. నాలా పూడిక తీతకు పోయినేడు ఎంత మంజూరైంది, ఎంత ఖర్చు పెట్టారు, ఎవరు తనిఖీ చేశారు? మూడే ప్రశ్నలు. సారు అడిగితే ‘రాసుకుంటం సార్, పైకి పంపిస్తం’ అన్నాడు అక్కడి ఉద్యోగి. నేను అడిగితే నా పేరు చూసి నవ్వాడు. ‘మీకు దారుస్సలాం ఉండె గద భాయ్, ఆడికి వోయి అడుగుండ్రి’ అన్నాడు.

దారుస్సలాం అంటే మజ్లిస్ పార్టీ ఆఫీసు. హబ్సిగూడ నాలాకూ దానికీ ఏం సంబంధం? నేను ఆ పార్టీ సభ్యుణ్ణి కాను. నా అద్దెలోంచే ఇంటి ఓనరు ఆస్తిపన్ను కడతాడు. అది పోయేది మునిసిపల్ ఖజానాకి. మరి జవాబు చెప్పాల్సింది ఎవరు?

బయటికొచ్చాక సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఏమనుకోకండి, నా పని మాత్రం అయిందా ఏం’ అన్నారు. అప్పటికి అది ఓదార్పు మాటలాగే తోచింది. తర్వాత ఆలోచిస్తే అసలు సంగతి అందులోనే ఉంది. సారు ప్రశ్నను రాసుకుని పక్కన పెట్టారు. నా ప్రశ్నను మతం పేరు చెప్పి తిప్పి పంపారు. లెక్క ఇద్దరికీ ఎగ్గొట్టారు. నా మీద నవ్విన నవ్వు ఆయనకు కూడా చెడుపు చేసిందని ఆయనకు ఆ రోజే అర్థమైంది. ఈ దేశంలో ఎంతోమంది ‘సార్ల’కు ఇంకా అర్థం కాలేదు.

ఆ వరదకు ముందు, ఆ సెప్టెంబరులోనే, పార్లమెంటు వర్షాకాల సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు. కరోనా అన్నారు. రాతపూర్వక జవాబులు చాలన్నారు. సభ జరగొచ్చు, బిల్లులు పాస్ కావొచ్చు, నిలబడి మంత్రిని అడగడానికి మాత్రం కరోనా అడ్డమొచ్చింది. మాకు నీళ్ళొచ్చే నెల ముందే ఢిల్లీలో ప్రశ్న మునిగిపోయింది.

వరద సాయంగా ఇంటికి పదివేలన్నారు రాష్ట్ర సర్కారు వాళ్ళు. మంచిదే. నోట్లు చేతికి చేతికి పంచారు. జాబితా ఎవరు రాశారు, ఎవరి సంతకం, మధ్యలో ఎవరు తిన్నారు అన్న ఆరోపణలతో ఆనాటి పత్రికలు నిండిపోయాయి. నవంబరు 18న ఎన్నికల సంఘం ఆ పంపకాన్ని ఆపమంది. డిసెంబరు 1న జి.హెచ్.ఎం.సి. ఎన్నికలు.

అవి నాలాల ఎన్నికలు కావలసింది. జనం ఇళ్ళ గోడల మీద నీటి మరక ఆరలేదు. 2000 ఆగస్టు వరద తర్వాత కిర్లోస్కర్ వాళ్ళు 2003లో నాలాల మీద ఇచ్చిన నివేదిక ఏమైందని అడగవలసిన ఎన్నికలు. మరి ఏం వినిపించింది? బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడిగా ఉన్న బండి సంజయ్ పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రైక్ చేస్తామన్నారు. కేంద్ర హోంమంత్రి అమిత్ షా వచ్చి నిజాం సంస్కృతి నుంచి నగరాన్ని విడిపిస్తామన్నారు. యోగి ఆదిత్యనాథ్ వచ్చి ఊరి పేరు మారుస్తామన్నారు. మజ్లిస్ నాయకులు హుస్సేన్‌సాగర్ గట్టున ఉన్న ఘాట్‌ల మాట ఎత్తారు. అధికార పార్టీ శాంతిభద్రతల పాట పాడింది. నాలా అడుగున పడింది. మేం మళ్ళీ జవాబుదారులమయ్యాం. మా సందులో పిల్లవాడు అడిగాడు: ‘అబ్బూ, మన ఇల్లు కూడా సర్జికల్ స్ట్రైక్‌లో ఉందా?’ వాడికి వరద భయం తీరకముందే ఈ భయం పెట్టారు.

నూట యాభై వార్డుల్లో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచాయి. కాంగ్రెస్‌కు వచ్చిన ఆ రెండూ మా పక్కవే, ఉప్పల్, ఏ.ఎస్.రావు నగర్. ఓటేసింది నూటికి 47 మంది కూడా లేరు. మిగతావాళ్ళు బద్ధకస్తులని చాలామంది తిట్టారు. తమ ఇంట్లోకి వచ్చిన నీళ్ళ ఊసెత్తని ఎన్నికకు జనం ఎందుకు కదలాలి?

డబ్బు ఏ దారిన వస్తుందో ఇక్కడ కాస్త చెప్పాలి. దారి తెలియనివాడికి ఎక్కడ నిలబడి ప్రశ్న వేయాలో తెలియదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మునిసిపాలిటీలకు పన్నెండో షెడ్యూలులో 18 పనులు రాసిపెట్టింది. నీళ్ళు, రోడ్లు, పారిశుద్ధ్యం, మురికివాడల బాగు, శ్మశానాలు అన్నీ అందులో ఉన్నాయి. మూడు లక్షల జనాభా దాటిన చోట వార్డు కమిటీలుండాలంది. మునిసిపాలిటీకి ఎంత పంచాలో చెప్పడానికి అయిదేళ్ళకోసారి రాష్ట్ర ఆర్థిక సంఘం వేయాలంది. పైనుంచి కేంద్ర ఆర్థిక సంఘం ఎలాగూ ఉంది. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి దేశంలోని స్థానిక సంస్థలకు 4,36,361 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో పట్టణాల వాటా 1,21,055 కోట్లు. ఒక షరతు కూడా పెట్టింది. ఆడిట్ అయిన లెక్కలు జనం చూసుకునేలా బయటపెడితేనే డబ్బు. అంటే లెక్క చూడటం మన హక్కని ఢిల్లీయే రాసిచ్చింది.

రాత అదీ. నడక చూడండి. ఉప్పల్ కలాన్ మునిసిపాలిటీని 2007 ఏప్రిల్‌లో జి.హెచ్.ఎం.సి.లో కలిపేశారు. కలిపిన నాడు ఎన్నికైన కౌన్సిల్ లేదు. 2009 నవంబరుకు గానీ ఎన్నికలు పెట్టలేదు. ఆ కౌన్సిల్ గడువు 2014 డిసెంబరులో తీరితే 2016 ఫిబ్రవరి దాకా మళ్ళీ అధికారుల రాజ్యమే. పల్లెల సంగతి ఇంతకంటే అన్యాయం. 2024 జనవరి చివర తెలంగాణ పంచాయతీ పాలకవర్గాల గడువు తీరింది. 2025 డిసెంబరు దాకా ఎన్నికలు జరపలేదు. ఎన్నికైనవాళ్ళు లేరని కేంద్రం నిధులు ఆపింది. ఇక వార్డు కమిటీ అంటారా, ఈ నగరంలో ఎంతమంది తమ వార్డు కమిటీ సమావేశం కళ్ళతో చూశారో చేతులెత్తమనండి.

లోక్‌సభలో మన నాలా గురించి అడిగితే ‘అది రాష్ట్ర జాబితాలోని విషయం’ అంటారు. శాసనసభలో అడిగితే కార్పొరేషన్ చూసుకుంటుందంటారు. కార్పొరేషన్‌లో అడిగితే పైనుంచి నిధులు రాలేదంటారు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పైవంతెన రోడ్డుకు 2018 మేలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ శంకుస్థాపన చేశారు. ఆరు కిలోమీటర్ల చిల్లర. 2024 వచ్చినా పూర్తి కాలేదు. ఆ స్తంభాల కింద గుంతల్లో బస్సు కుదుపుకు పక్కవాడి మీద పడినప్పుడల్లా నాకు ఈ మూడు సభలూ గుర్తొస్తాయి.

అడగడానికి వ్యవస్థ లేదా అంటే ఉంది. కాగ్ ఉంది. కాగ్ నివేదికను పరీక్షించే ప్రజా పద్దుల కమిటీ ఉంది. 1921 నాటి నుంచి ఉంది. సభ మంజూరు చేసిన డబ్బును ఆ పనికే పెట్టారా అని చూడటం దాని పని. అందుకే 1967 నుంచి లోక్‌సభలో ఆ కమిటీ పీఠం ప్రతిపక్షానికివ్వడం ఆనవాయితీ. తాళం ఒకడి దగ్గరుంటే లెక్క ఇంకొకడు చూడాలన్న పాత కిరాణా నీతే అది. 2023 మార్చి 23న లోక్‌సభలో ఏమైంది? సుమారు 45 లక్షల కోట్ల ఖర్చుల పద్దులు, గొడవ మధ్య, చర్చ లేకుండా నిమిషాల్లో పాసయ్యాయి. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు గిలెటిన్. తలలు నరికే యంత్రం పేరు. 2018లోనూ ఇదే జరిగింది. మన కాగ్ నివేదికలేమో ఎక్కువసార్లు సమావేశాల ఆఖరి రోజున సభలో పడతాయి. చదివేలోపు సభ్యులు రైలెక్కేస్తారు.

ఇప్పుడు మా వాళ్ళ సంగతి. చెప్పకపోతే నేను ముందు చెప్పిందంతా అబద్ధమవుతుంది.

2019లో పన్నెండు మంది కాంగ్రెస్ శాసనసభ్యులు టీఆర్ఎస్‌లో కలిసిపోయాక ఏడుగురున్న మజ్లిస్ సభలో రెండో పెద్ద పార్టీ అయింది. ఆ సెప్టెంబరులో అక్బరుద్దీన్ ఒవైసీ ప్రజా పద్దుల కమిటీ ఛైర్మన్ అయ్యారు. రాష్ట్రం మొత్తం జమాఖర్చు మీద ప్రశ్న వేసే పీఠం మీద ఒక ముస్లిం. మా గల్లీలో స్వీట్లు పంచారు. కానీ ఆ పార్టీని మిత్రపక్షమని ముఖ్యమంత్రి కేసీఆర్ నోటితోనే అన్నారు. మిత్రుడు మిత్రుణ్ణి లెక్క అడుగుతాడా? అడిగితే మిత్రుడిగా ఉంటాడా? స్వీట్లు తిన్న మా సందులో ఆ కమిటీ ఏ లెక్క తేల్చిందో చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. ప్రభుత్వం మారింది, బుద్ధి మారలేదు. 2024 సెప్టెంబరులో బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచి అధికార పక్షానికి దగ్గరైన శాసనసభ్యుణ్ణి ఆ పీఠం మీద కూర్చోబెట్టారని ప్రతిపక్షం గగ్గోలు పెట్టింది. మొదటిసారి నోరు మెదపని మాకు రెండోసారి మాట్లాడే నైతిక హక్కు ఎక్కడిది?

మేం మా నాయకుల్ని ఏమడుగుతాం? ఖబ్రస్తాన్ గోడ అడుగుతాం. ఇఫ్తార్ దావత్ పాస్ అడుగుతాం. రంజాన్‌కు బట్టల ప్యాకెట్ అడుగుతాం. పోలీస్ స్టేషన్ నుంచి పిల్లవాణ్ణి విడిపించమని అడుగుతాం, ఆ అవసరం నిజమే. బడి లెక్క, దవాఖానా లెక్క అడగం. 1995 వక్ఫ్ చట్టం 46వ సెక్షన్ ప్రకారం ప్రతి ముతవల్లీ ఏటా లెక్కలు చూపాలి. మన మసీదుల్లో, దర్గాల్లో ఎన్నిచోట్ల జుమా రోజున ఆ కాగితం గోడకు అంటిస్తున్నారు? 2017 నవంబరులో తెలంగాణ సర్కారు వక్ఫ్ బోర్డు రికార్డు గదికి తాళం వేసింది. తాళం వేయడం తప్పే. అంతకుముందు ఆ గది తెరిచి ఉన్నన్నాళ్ళూ మనలో ఎంతమంది లోపలికి పోయి కాగితం అడిగారు?

ఖలీఫా ఉమర్ మసీదులో మాట్లాడటానికి లేస్తే ఒక మామూలు మనిషి అడ్డుకున్నాడని చిన్నప్పుడు వాజుల్లో విన్నాం. ‘అందరికీ ఒక్కో గుడ్డ పంచావు, నీ అంగీకి రెండు గుడ్డలు పట్టాయి, రెండోది ఎక్కడిది?’ కొడుకు లేచి తన వాటా తండ్రికిచ్చానని చెప్పాకే ఆయన మాట సాగిందట. ఈ కథ చెప్పి కన్నీళ్ళు పెట్టించే మౌల్వీ సాబ్‌ను కమిటీ లెక్కలు అడిగి చూడండి.

ఇక ‘మైనారిటీ పద్దు’ సంగతి. బడ్జెట్ రోజు పత్రికాఫీసులో నాకు అప్పజెప్పే పని ఏటా ఒక్కటే. ‘భాయ్, మీ వాళ్ళకెంతిచ్చిండ్రో చిన్న ఐటెం రాసియ్యి.’ నీళ్ళ లెక్క ఇంకొకరికి, విద్య ఇంకొకరికి, పురపాలన ఇంకొకరికి. నాకు మాత్రం ‘మీ వాళ్ళు’. మొదట్లో ఇది నా మీద నమ్మకమనుకున్నాను. కొన్నేళ్ళకు తెలిసింది, ఇది కంచె.

ఆ కంచెలోపలి లెక్కే చూద్దాం. కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖకు 2022-23లో 5,020 కోట్లన్నారు. సవరించిన అంచనాల్లో అది 2,612 కోట్లయింది. మరుసటేడు ఇస్తామన్నదే 3,097 కోట్లు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి పిల్లల ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2022లో ఆపేశారు. పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్ ఎత్తేసిన సంగతి అదే ఏడు డిసెంబరులో లోక్‌సభలో ఒక సభ్యుడు ప్రశ్న వేస్తే మంత్రి స్మృతి ఇరానీ ఇచ్చిన జవాబుతో బయటపడింది. ఒక్క సవాల్ విలువ అదీ.

రాష్ట్రంలో 2023 నవంబరులో కాంగ్రెస్ మైనారిటీ డిక్లరేషన్ విడుదల చేసి ఏటా 4,000 కోట్లన్నది, ఉపప్రణాళిక అన్నది. 2024-25లో ఇచ్చింది 3,003 కోట్లు. 2025-26లో 3,591 కోట్లు. అంతకుముందుకంటే ఎక్కువే, కాదనను. కాని కేటాయింపు ఖర్చు కాదు. దళితులకు, ఆదివాసులకు 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఈ ఏడు మిగిలింది వచ్చే ఏటికి కలపమని అడిగే ఆధారం ఉంది. ఆ చట్టం కూడా ఊరికే రాలేదు, దళిత సంఘాలు ఏళ్ళ తరబడి లెక్కలు పట్టుకుని తిరిగితే వచ్చింది. మాకు అలాంటి చట్టం లేదు. మార్చి 31 దాటితే మా పేరు మీద రాసిన డబ్బు ఖజానాలోనే ఆవిరి.

అయితే నా గొడవ 3,591 కోట్లతో ఆగదు. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. మైనారిటీ పద్దు అందులో వందకు రూపాయికి కాస్త ఎక్కువ. ఆ రూపాయి చూపించి మా ముందు మైకు పెడతారు, సంతోషమా అని. మిగతా తొంభై ఎనిమిది రూపాయల మాటేమిటి? బడి, దవాఖానా, నల్లా, బస్సు, వీధి దీపం అన్నీ ఆ తొంభై ఎనిమిదిలో ఉన్నాయి. అందులో మా బస్తీకి ఎంత చేరింది? సచార్ కమిటీ 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు తెచ్చింది సరిగ్గా ఈ ప్రశ్ననే. ముస్లింలు ఎక్కువున్న ఊళ్ళలో బళ్ళు, ఆసుపత్రులు, రోడ్లు తక్కువున్నాయని లెక్కలతో చూపింది. సమాన అవకాశాల కమిషన్ వేయమంది. వేయలేదు. 2023లో ఆర్థికవేత్తలు దేశంలోని సుమారు 15 లక్షల నివాస ప్రాంతాలను పరిశీలించారు. ఒకే నగరంలో ముస్లింలు అసలు లేని పేటతో పోలిస్తే పూర్తిగా ముస్లింలే ఉన్న పేటలో హైస్కూలు ఉండే అవకాశం సగమేనని తేల్చారు. మైనారిటీ పద్దు పెంచితే ఈ సగం నిండదు. విద్యాశాఖ పద్దులో, పురపాలక పద్దులో వెతకాలి. అక్కడ వెతకడానికి మమ్మల్ని రానివ్వరు. ‘మీది ఆ చివరి పేజీ భాయ్’ అంటారు.

లౌకిక మిత్రులారా, మీతోనూ రెండు మాటలు. అల్లర్లు జరిగితే మీరొస్తారు. నిజనిర్ధారణ చేస్తారు, సంతకాలు పెడతారు, మాతో కలిసి షీర్ ఖుర్మా తాగుతారు. రుణపడి ఉన్నాం. కానీ మీ కాలనీ సంక్షేమ సంఘంలో, నీళ్ళ పోరాటంలో, బడ్జెట్ మీద పెట్టే సభలో మాకు కుర్చీ ఎందుకుండదు? ముస్లింను మీరు గాయం దగ్గరే గుర్తుపడతారు. ఇంటిపన్ను రశీదు పట్టుకుని నిలబడితే గుర్తుపట్టరు. 2023 డిసెంబరు నుంచి 2025 అక్టోబరు 31 దాకా తెలంగాణ మంత్రివర్గంలో ఒక్క ముస్లిం లేడు. ఆ లోటు మీద చాలామంది రాశారు, నేనూ రాశాను. చివరికి ఒకరికిచ్చారు, మైనారిటీ సంక్షేమమూ ఆయనకే అప్పజెప్పారు. మళ్ళీ ఆ చివరి పేజీయే.

మేం అడిగేది పెద్దదేం కాదు. ప్రతి వార్డు జమాఖర్చు ఏటా తెలుగులో, ఉర్దూలో రాసి అందరూ చూసే గోడకు అంటించండి. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేశారు గదా, బోర్డుల మీద సరిపెట్టకుండా లెక్కల్లోకి తీసుకురండి. వార్డు కమిటీలు వేసి, తేదీ చెప్పి, తలుపులు తీసి కూర్చోండి. మునిసిపల్ గడువు తీరిన నాటికి ఎన్నిక జరపండి. కాగ్ నివేదికను సమావేశాల మొదటి రోజున పెట్టండి. ప్రజా పద్దుల కమిటీ నిజమైన ప్రతిపక్షం చేతికివ్వండి, అది మాకిష్టమైన పక్షమైనా కాకపోయినా. 2020 వరద తర్వాత దాదాపు వెయ్యి కోట్లతో మొదలుపెట్టిన నాలాల పథకం లెక్క బస్తీ బస్తీకి విడదీసి చెప్పండి. మైనారిటీ నిధికి చట్టం చేయండి. ఇందులో ఆఖరిది ఒక్కటే ‘మా వాళ్ళది’. మిగతావన్నీ పక్కింటి సారువి కూడా.

ఆయనా నేనూ ఇప్పటికీ కలిసే అర్జీలు పెడుతున్నాం. ఒక తేడా మాత్రం వచ్చింది. ఇప్పుడు నా ప్రశ్నలు ఆయన అడుగుతారు, ఆయన ప్రశ్నలు నేను అడుగుతాను. నన్ను దారుస్సలాంకు పంపితే, ‘అయితే నన్నెక్కడికి పంపుతారు?’ అని ఆయన కుర్చీలోంచి లేవరు. ఇంకా జవాబు రాలేదు. అమ్మీ మాత్రం మేం పెట్టిన అర్జీల తేదీలన్నీ తన ఖాతా పుస్తకంలో రాసిపెడుతోంది, ఆ వరదలో తడిసి ఉబ్బిన పుస్తకంలోనే. బకాయి కింద రాస్తోంది.

సవాల్ మాట తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకుంది. జవాబు మాత్రం మార్చుకోలేదు. అది రెండు భాషల్లోనూ ఒకటే.